మత్తు డాక్టరమ్మ ఒప్పుకోలేదు

“కోసే డాక్టరు కోస్తానంటాండాడు. నిద్రపుచ్చే ఆయమ్మకేం నొప్పి?”

నాగక్క బొరుగుల ఉగ్గాని గిన్నెను చాప మీద ఠంగున పెట్టింది.

నాగక్క మాటకు జవాబిస్తే దానికి మళ్లీ నాలుగు మాటలు పడతాయని అందరికీ తెలుసు. కర్నూలు పాతబస్తీలో ఆమె ఇల్లు రెండు గదులదే గానీ, గొంతు మాత్రం వీధి చివర మసీదు దాకా వినిపిస్తుంది.

నిన్న సాయంత్రం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఆమె తమ్ముడు బసవరాజు కుడి ఊపిరితిత్తిలో గడ్డ ఉంది. దాన్ని తీసెయ్యాలి. సర్జన్ వాసుదేవ్ గారు తీస్తానన్నాడు, గురువారం అని రోజు కూడా ఇచ్చాడు. ఆ గురువారం మంచిదో కాదో నాగక్క పంచాంగం చూపించి మరీ తేల్చుకుంది. బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీకి తాళం వేసి తమ్ముళ్లు బసవరాజు, చంద్ర ఇద్దరూ ఆమె ఇంటికి వచ్చేశారు. తీరా అన్నీ కుదిరాక మత్తు డాక్టరు శ్రీవాణి అడ్డం తిరిగింది. మొదటిసారి బీడీలు మానందే కుదరదంది. ఇప్పుడేమో ఊపిరి బలం చూసే ఊదుడు పరీక్ష రిపోర్టు బాగానే వచ్చినా, మనిషిని మళ్లీ ఒకసారి చూడందే మత్తు ఇవ్వనంది.

“రిపోర్టు బాగలేకుంటే వద్దన్యారంటే ఒక అర్థముండాది. బాగుంటే గూడా వద్దంటే ఇంగ ఆయమ్మకు ఏం కావల్ల?” నాగక్క మళ్లీ అందుకుంది.

“నాకేం తెలుసు నాగక్కా? ఆయమ్మనే అడుగు,” అంది మహాదేవి.

మహాదేవి బసవరాజు భార్య. వరసకు నాగక్క ఆడబిడ్డ అయినా, ఇంటిల్లిపాదీ పిలిచినట్టే తనూ నాగక్కా అనే పిలుస్తుంది. ఈ ఆసుపత్రుల గొడవ మొదలైనప్పటి నుంచి ఆమెకు తల ప్రాణం తోకకు వస్తోంది. డాక్టర్లిద్దరూ ఒక మాట మీద ఉండరు. మొగుడు చెప్పింది వినడు. ఆడబిడ్డ వినకుండానే చెబుతుంది. ఇక మరిది చంద్ర ఒకడు. అన్న కోసం ప్రాణమైనా ఇస్తాడు గానీ, అన్న చేతిలో బీడీ లాక్కోమంటే మాత్రం చెయ్యి రాదు.

ఆ మొగుడు ఎక్కడున్నాడా అని చూస్తే బాత్రూం తలుపు మూసి ఉంది.

“ఏమయ్యా, లోపల ఏం చేస్తాండావు?”

“మొగం… కడుక్కుంటాండా.”

“మొగం కడుక్కుంటే తలుపు సందులో నుంచి పొగ వస్తాదా?”

లోపల నీళ్ల చప్పుడు ఎక్కువైంది. దాని వెనకాలే దగ్గు. ఆ దగ్గు వింటే మహాదేవికి కోపమూ భయమూ ఒక్కసారే వస్తాయి. కోపానికి తొందరెక్కువ కాబట్టి అదే ముందు బయట పడుతుంది.

బసవరాజు తలుపు తీసుకుని వచ్చాడు. ఒకప్పుడు బండను ఒంటి చేత్తో పక్కకు జరిపిన మనిషి. ఇప్పుడు చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. తలుపు దగ్గర నుంచి చాప దాకా వచ్చి కూర్చునే లోపల రెండుసార్లు ఆగి గోడ పట్టుకున్నాడు.

“ఒక్కటే,” అన్నాడు. “గురువారం… ఎట్లా లేదు కదా. ఇంగ… ఏంటికి మానల్ల?”

“చూసినావా నాగక్కా నీ తమ్ముని న్యాయం! ఆపరేషన్ ఆగింది కాబట్టి బీడీ తాగుతాడంట. బీడీ తాగినాడనే కదా అది ముందర ఆగింది!”

నాగక్క ఆ మాట చెవిన పెట్టలేదు. కావలసింది వినడానికి ఆమెకు మంచి చెవులున్నాయి. అక్కర్లేనిది వినకపోవడానికి అంతకంటే మంచివి ఉన్నాయి.

“నేనొకటి చెప్తా ఇనండి. పొద్దున కడప పెంచలయ్యతో మాట్లాడినా.”

పెంచలయ్యకు కడపలో బండల అంగడి ఉంది. ఏళ్ల తరబడి వీళ్ల ఫ్యాక్టరీ సరుకే తీసుకుంటున్నాడు. ఎవరికి ఏ పని కావాలన్నా ఆ పనికి తెలిసినవాడు ఒకడు పెంచలయ్య దగ్గర తప్పకుండా ఉంటాడు.

“ఆడొక ఆసుపత్రి ఉండాదంట. ఆడ ఇన్ని యక్షప్రశ్నలు లేవంట. మన రిపోర్టు ఫోన్లో పంపిచ్చినా. చూపిచ్చి మల్లా ఫోను చేసినాడు. ‘ఇంత మంచి రిపోర్టు పెట్టుకోని కర్నూల్లో ఏం చేస్తాండారు, రేపే పిల్చుకోని రాండి, శుక్రవారం చేసేస్తారు’ అన్యాడు. తెల్లార్తానే పోదాం. ఈ మత్తు డాక్టరమ్మకు ఒక దండం పెట్టి ఊరకుందాం.”

చంద్ర కొరికిన మిరపకాయ బజ్జీ గొంతుకు అడ్డం పడింది.

“కడపకా?” అన్నాడు దగ్గుకుంటూ. “వద్దక్కా. అంత దూరం ఏంటికి?”

“దూరమా? లారీ ఎక్కి బెంగుళూరు దాకా పోతాంటావు. నీకు కడప దూరమయ్యిందా?”

“అట్ల కాదక్కా. ఈ డాక్టరమ్మ ఇయ్యాల రమ్మనింది కదా, ఒకసారి చూపిచ్చి…”

“నిన్నటిదాకా ‘ఈయమ్మతో అయ్యేది లేదు, వేరే తావు చూద్దాం’ అన్నది నువ్వే కదప్పా!”

చంద్ర అన్న వైపు చూశాడు. బసవరాజు తమ్ముడి వైపు ఒక చూపు చూసి తల దించుకున్నాడు. ఆ చూపు మహాదేవి కంట పడనే పడింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఆ చూపును చాలాసార్లు చూసింది. అన్నదమ్ములిద్దరూ కలిసి ఏదైనా దాచిపెట్టినప్పుడే అలా చూసుకుంటారు.

“ఏంది కత?” అంది.

“ఏం లేదు వదినా.”

“ఏం లేకుంటే చెప్పు.”

“ఏం లేకుంటే ఏం చెప్పల్ల?”

మహాదేవికి చిర్రెత్తుకొచ్చింది. చేతిలో ఉన్న తువ్వాలును దండెం మీదకు విసిరి కొట్టింది.

“కడప సంగతి రేపు చూద్దాం. ఇయ్యాల ఆయమ్మ రమ్మనింది, పోతాండాం. నీకేం కావల్లో చెప్పమ్మా అని మొగం మీదే అడుగుతా. ఆటో పిలువు చంద్రా.”

“నేను గూడా వస్తా,” అంది నాగక్క. “నేనూ అడగాల్సినవి ఉండాయి.”

ఆటోలో బసవరాజు ఒక అంచున గాలికి మొహం పెట్టి కూర్చున్నాడు. చంద్ర డ్రైవరు పక్కన కూర్చుని వెనక్కి తిరిగి చూడనైనా చూడలేదు. మామూలుగా అయితే ఆటో ఎక్కినప్పటి నుంచి దిగేదాకా వాగే మనిషి. ఆ మౌనమే మహాదేవికి ఎక్కువ మంట పుట్టించింది.

*

మత్తు డాక్టరు శ్రీవాణిది బద్వేలు. పొట్టి మనిషి, ముక్కుసూటి మాట. నాగక్క అడగాల్సినవన్నీ గుమ్మంలోనే మొదలు పెట్టబోతే, “కూర్చోండమ్మా, మీతో తీరిగ్గా మాట్లాడతా,” అని బసవరాజు వైపు తిరిగింది.

“ఫ్యాక్టరీ ఎట్ల నడుస్తాంది బసవరాజు గారూ?”

“బాగానే… నడుస్తాంది మేడం. ఇప్పుడు… కొంచెం… బేరాలు తక్కువ. టైల్స్… వచ్చినాక… బండలు… ఎవురు…”

అక్కడ ఆగిపోయాడు. డాక్టరమ్మ ఏమీ తొందరపెట్టలేదు. ఆమెకు బండల బేరంతో పనేముంది, ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఎక్కడెక్కడ గాలి అందక ఆగుతున్నాడో వింటోందని మహాదేవికి అర్థమైంది. తనకు ఆ ఆగడం అలవాటైపోయింది. ఆ మాట తట్టగానే సిగ్గేసింది.

“అమ్మా, రిపోర్టు బాగుండాది కదా?” నాగక్క ఇక ఆగలేకపోయింది.

“బాగుందమ్మా. అదే నా బాధ.”

“బాగుంటే బాధేంది తల్లీ? లోకంలో యాడైనా ఉండాదా ఇది?”

“ఆ రిపోర్టు చూస్తే ఈయన ఆగకుండా పై అంతస్తుకు ఎక్కాల. ఈయన మాట వింటే ఈ గది దాటేట్టు లేడు. రెండిట్లో ఏది నమ్మాలో నాకు తెలియాల కదా. రండి, మెట్లు ఎక్కుదాం.”

“ఊపిరితిత్తికి ఆపరేషన్ అయితే మెట్లేంటికమ్మా ఎక్కించేది?”

“మెట్లు ఎక్కలేని మనిషికి మత్తిచ్చి పడుకోబెడితే, లేపేది నేనమ్మా. లేవకుంటే మీరు అడిగేది గూడా నన్నే.”

నాగక్క పక్కకు జరిగి దారి ఇచ్చింది.

డాక్టరమ్మ బసవరాజు వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు తగిలించింది. చంద్ర అన్న రెక్క పట్టుకోబోతే వద్దంది. “పక్కన నడవండి చాలు. ఎత్తుకుపోయేటట్టయితే మీకే పరీక్ష పెట్టాల్సి వస్తాది.”

బసవరాజు పంచె ఎగ్గట్టి, మొదటి మెట్లు రోషంగానే ఎక్కాడు. మలుపు దాకా వెళ్లి ఆగాడు. ఆగినట్టు తెలియకూడదని గోడ మీద అతికించిన కాగితం చదవడం మొదలు పెట్టాడు.

“అద్దాలు లేకుంటే నీకు అక్షరం కనపడదు. ఏం చదువుతాండావు?” అంది మహాదేవి కింద నుంచి.

జవాబు చెప్పడానికి ఆయనకు గాలి లేదు. ఇంకో రెండు మెట్లు ఎక్కి, రెయిలింగు పట్టుకుని కూలబడిపోయాడు. పెదవులు నల్లబడ్డాయి. మహాదేవి కోపమంతా ఎక్కడికి పోయిందో పోయింది. పరుగున వెళ్లి వీపు మీద చెయ్యి వేసింది. చొక్కా కింద పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. డాక్టరమ్మ క్లిప్పులో అంకె చూసింది గానీ పైకి చెప్పలేదు.

చంద్ర కూడా అన్న పక్కనే నిలబడి ఉన్నాడు. రెయిలింగు మీద బరువంతా మోపి, నోటితో గాలి పీలుస్తూ, చొక్కా చేతితో నుదురు తుడుచుకుంటున్నాడు. కంగారు పడ్డాడు పాపం అనుకుంది మహాదేవి. డాక్టరమ్మ చూపు అన్న మీద నుంచి తమ్ముడి మీదకు వెళ్లి, అక్కడ కొంచెం సేపు నిలిచింది.

“కాసేపు కూర్చోబెట్టండి. తరవాత మా మిషన్ మీద, నా ఎదురుగా ఊదిస్తా,” అంది.

ఆ మాట వినగానే చంద్ర మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

ఊదుడు గది చిన్నది. ఒక గొట్టం, దాని పక్కన కంప్యూటరు. ముక్కుకు క్లిప్పు పెట్టి గొట్టం నోట్లో పెట్టారు. “బలంగా, బలంగా, ఆపొద్దు, ఇంకా, ఇంకా!” అని టెక్నీషియను అరుస్తున్నాడు. బసవరాజు కళ్లు బయటికి వచ్చేలా ఊదాడు. తెర మీద గీత కొంచెం లేచి, నీరసంగా నేల పట్టింది. మళ్లీ ఊదాడు. మళ్లీ అంతే. ఇంకోసారి అనేసరికి దగ్గు తెర అందుకుంది, గొట్టం చేతిలోంచి జారిపోయింది.

*

డాక్టరమ్మ రెండు రిపోర్టులనూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

“ఈ రెండూ ఒక మనిషివి కావు,” అంది.

“మీ మిషన్ చెడిపోయిందేమో,” అంది నాగక్క. ఈసారి గొంతులో అంత ధీమా లేదు.

“మిషన్ చెడితే ఇంత తేడా రాదమ్మా. మందు పీలిస్తే కొంచెం మెరుగవుతుంది, ఇంతగా కాదు. బయట ల్యాబులో ఎవరో వేరే మనిషి ఊదినారు. ఎవరు?”

మహాదేవి మొగుడి వైపు చూసింది. ఆయన తన చేతుల వైపు చూసుకుంటున్నాడు. మరిది వైపు చూసింది.

“నేనే,” అన్నాడు చంద్ర.

“నువ్వా?”

“ముందురోజు అన్న ఊదినాడు వదినా. ఎంత ఊదినా రాలేదు. ‘సరిగ్గా రాలేదు, రేపు మల్లా రాండి’ అన్యారు. మరసనాడు నేను పోయి అన్న పేరు చెప్పినా. రద్దీగా ఉండాది, ఎవురూ మొగం చూల్యా. ఊదొచ్చినా.”

“నేను యాడ ఉండా అప్పుడు?”

“నువ్వు మందుల అంగడికి పోయింటివి. అన్న బయట బెంచీ మీద కూర్చోనుండె.”

ఇద్దరూ కలిసే చేశారన్నమాట. మహాదేవికి ఒళ్లంతా మంటలెత్తింది.

“ఎట్లొచ్చిందప్పా నీకు ఈ బుద్ధి? ఆయన ఊపిరి ఎంతుండాదో చూడమంటే నీ ఊపిరి చూపిచ్చి వస్తావా? పెండ్లిచూపులకు నీకు బదులు ఇంగొకన్ని కూర్చోబెట్టి వస్తే నువ్వు ఒప్పుకుంటావా?”

“లారీ ఎఫ్‌సీకి పోయి ఫిట్‌నెస్ కాయితం తెచ్చుకునేటప్పుడు ఏం చేస్తాం వదినా?” అన్నాడు చంద్ర. “మన టైర్లు అరిగిపోయింటే పుల్లయ్య లారీ టైర్లు ఊడదీసి మనదానికి బిగించుకోని పోతాం. బ్రేకు ఇన్‌స్పెక్టరు చూసి సరే అంటాడు. ఇంటికొచ్చి ఎవరి టైర్లు వాళ్లు బిగించుకుంటాం. ఇదీ అట్లనే అనుకున్యా. ఒక్కసారి కాయితం పాసయితే ఆపరేషన్ చేస్తారు, గడ్డ పోతాది, అన్న లేచి కూర్చుంటాడు. అంతకంటే నాకేం తెలీదు. మనిషిని చూడకుండానే కడపలో కోసేస్తారని అక్క అన్యాకనే భయమేసింది.”

“ఆ లారీ మళ్లీ అరిగిన టైర్లతోనే కదా రోడ్డెక్కేది?” అంది డాక్టరమ్మ.



డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. అలిసిపోయినట్టుంది. ఇలాంటి తెలివితేటలు ఆమె ఇంకెన్ని చూసి ఉంటుందో.

“వినండి. గడ్డ తీసేటప్పుడు ఆ పక్క ఊపిరితిత్తిలో గాలి లేకుండా చేస్తాం. అంతసేపు మనిషి ఒక్క ఊపిరితిత్తి మీదే బతకాల. తరవాత కోసింది పోను మిగిలినదాంతో జన్మంతా బతకాల. ఎంత కొయ్యాలో వాసుదేవ్ గారికి తెలుసు. మిగిలేది చాలుతుందా అనేది నేను లెక్క చూస్తా. చంద్ర గారి ఊపిరితో లెక్క వేస్తే చాలుతుంది. ఈయన ఊపిరితో వేస్తే చాలదు. గడ్డ పోతుంది, మనిషి గాలి మిషన్ మీద నుంచి దిగడు.”

“అంటే…” అంది నాగక్క.

“అంటే ఆ రిపోర్టు పట్టుకుని ఎవరైనా గురువారం చేసి ఉంటే, ఈయనను మీరు ఇంటికి తీసుకుపోయేవాళ్లు కాదు.”

గురువారం కాకుంటే శుక్రవారం. మహాదేవి మెల్లగా ఆడబిడ్డ వైపు తిరిగింది.

“నాగక్కా, అదే రిపోర్టు నువ్వు కడపకు పంపిచ్చినావు.”

నాగక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె గొంతు అలా మూగబోవడం మహాదేవి ఎన్నడూ చూడలేదు. ఈ నోరు ఎప్పుడు పడిపోతుందా అని ఎన్నోసార్లు అనుకుంది గానీ, పడిపోతే ఇంత భయమేస్తుందని అనుకోలేదు.

“పెంచలయ్యకు ఫోను చెయ్. రావడం లేదని చెప్పు. ఆ రిపోర్టు మాది కాదని చెప్పు.”

నాగక్క మారు మాట్లాడకుండా ఫోను తీసుకుని బయటికి వెళ్లింది.

“వాన్ని… అనొద్దు,” అన్నాడు బసవరాజు. “నేనే… పోయి ఊదమన్యా. వాడు… వద్దన్యాడు.”

“ఏంటికి?”

“గడ్డ ఉండాదని… తెలిసినప్పట్నుంచి… నిద్ర పట్టదు. లోపల… ఎవరో కూర్చున్నట్టు. తీసి… పారేస్తే సాలు. ఈయమ్మ… వద్దని రాసేస్తే… ఇంగ ఎవరూ… ముట్టుకోరని. మత్తులో పోతే… పోతా. తెలీకుండా… పోతా.”

“నువ్వు తెలీకుండా పోతావు సరే! తెలిసేది మాకు కదా!”

అరిచేసరికి ఏడుపు కూడా వచ్చేసింది. ఇంతసేపు ఆపుకున్నదంతా డాక్టరమ్మ ముందరే బయటపడింది. బసవరాజు ఆమె చెయ్యి పట్టుకోవాలని చూశాడు. ఆమె విదిలించింది. కొంచెం సేపటికి తనే వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది.

“నేను వద్దనలేదు బసవరాజు గారూ. ఇప్పుడు వద్దన్నా,” అంది డాక్టరమ్మ నిదానంగా. “బీడీ పూర్తిగా మానాల. మందు పీల్చాల. రోజూ నడిపిస్తారు, ఊపిరి కసరత్తు చేయిస్తారు. మూడు నాలుగు వారాలయినాక మళ్లీ చూస్తా. అంతలో గడ్డ మీద గూడా ఒక కన్నేసి పెడతాం. చిన్న ముక్క తీస్తే సరిపోతుందేమో వాసుదేవ్ గారితో మాట్లాడతా. కానీ ఈసారి ఊదేది మీరే.”

బసవరాజు బుద్ధిగా తలూపాడు. మహాదేవికి ఆ తల ఊపడం మీద కూడా నమ్మకం లేదు. అయినా ఎన్నో రోజుల తర్వాత కాలు మోపడానికి కాస్త నేల దొరికినట్టయింది. లేచి చీర సర్దుకుంది.

“ఉండండి,” అంది డాక్టరమ్మ. పాత రిపోర్టును మళ్లీ చేతిలోకి తీసుకుంది. “చంద్ర గారూ, మీ వయసెంత?”

“నాదా? నలభై ఆరు. ఏం మేడం?”

“మీ అన్న కంటే చాలా చిన్నవాళ్లే. పొడుగు గూడా మీరే ఉన్నారు.” ఆమె కాగితం మీద ఏదో లెక్క వేసుకుంది. “ఈ రిపోర్టు మీ అన్న వయసుకు, ఆయన ఎత్తుకు లెక్క కట్టింది. అంత పెద్దాయనకు, దుమ్ములో పనిచేసినాయనకు ఈ మాత్రం ఉంటే నయమే అనుకున్నాం. ఈ ఊపిరి మీదైతే మాత్రం ఇది బాగలేదు.”

“నాకేమైంది మేడం? నేను బాగానే ఉండా.” చంద్ర నవ్వబోయాడు. “బీడీ గూడా తాగను.”

“దగ్గు ఎప్పట్నుంచి?”

“దుమ్ములో ఉంటే దగ్గు రాదా? మా తాన అందరికీ ఉండాది.”

“అందరికీ ఉన్నంత మాత్రాన అది రోగం కాకుండా పోదప్పా. ఇందాక మెట్ల మీద మీ అన్నతో పాటు మీరూ ఆయాసపడినారు. నేను చూసినా.”

చంద్ర నవ్వు సగంలో ఆగింది.

“బండల దుమ్ము మీ ఊపిరితిత్తుల్లో గూడా పట్టిందేమో, ఇప్పుడే ఎక్స్‌రే తీయించుకోండి. మళ్లీ ఊదండి, ఈసారి మీ పేరు మీద. ఏమిటో తేలేదాకా ఫ్యాక్టరీలో మిషన్లు తిరిగేచోటికి పోవద్దు.”

మహాదేవి లేచినది లేచినట్టే నిలబడిపోయింది. మెట్ల మీద తనూ చూసింది. చూసి, కంగారనుకుంది. బసవరాజు జబ్బు పడినప్పటి నుంచి ఆ ఇంటికి ధైర్యం చంద్రే. లారీలు, కూలీలు, కరెంటు ఆఫీసు, ఆసుపత్రి, అన్నీ అతనే. అన్నకు ఏమైనా తమ్ముడున్నాడు కదా అని ఆమె ప్రతిరోజూ తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది.

*

ఎక్స్‌రే గది బయట బెంచీ మీద అన్నదమ్ములిద్దరూ కూర్చున్నారు. నాగక్క కాస్త దూరంగా గోడకు ఆనుకుని, ఫోనులో పెంచలయ్యకు గుసగుసగా సర్ది చెబుతోంది.

“నాది… తరవాత,” అన్నాడు బసవరాజు. “ముందు… వీనికి… చూపిచ్చు మహాదేవీ.”

“నాకేముంది? దుమ్ము, మందు తాగితే పోతాది. నీకు గడ్డ ఉండాది. నీదే ముందు.”

“నేను… పెద్దోన్ని. చెప్పినట్టు… ఇను.”

“నీ మాట ఇనే కదా పోయి ఊదినా! ఇంగ ఇనను పో!”

“రేయ్…”

“నోర్లు మూసుకోండి ఇద్దరూ!”

వరండాలో ఉన్న జనమంతా తిరిగి చూశారు. మహాదేవి ఎవరినీ లెక్క చెయ్యలేదు. ఒకరినొకరు కాపాడుకుంటామని ఇద్దరూ కలిసి గోతిలోకి దిగుతున్నారు, అంచున నిలబడి చూడాల్సింది తాను. ఈ మనుషుల ప్రేమ తలుచుకుంటే ఆమెకు ఏడవాలనీ ఉంది, ఇద్దరి చెంపలూ పగలగొట్టాలనీ ఉంది.

చంద్ర లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు. గొంతు బాగా తగ్గించాడు.

“వదినా, ఒక మాట. సుందరికి చెప్పొద్దు.”

సుందరలక్ష్మి అతని భార్య. బేతంచెర్లలో ఉంది.

“ఏంటికి చెప్పొద్దు?”

“అది తట్టుకోలేదు. అన్న ఆపరేషన్ కానీ. తరవాత నేనే మెల్లగా చెప్తా. అంతవరకు నాకేం కాదు వదినా. నీకు దండం పెడతా.”

అతను అంటుండగానే ఆమె చేతిలో ఫోను మోగింది. తెర మీద సుందరలక్ష్మి పేరు.

మహాదేవి ఎత్తింది.

“అక్కా, ఏమనింది మత్తు డాక్టరమ్మ? పొద్దున్నుంచి ఈయప్పకు చేస్తాండా, ఎత్తడం లేదు. బావ రిపోర్టు శానా బాగొచ్చిందని మొన్న ఎంత సంబరంగా చెప్పినాడో! ఒప్పుకున్నట్టేనా? గురువారానికి నేను గూడా వస్తా అక్కా, నీకు తోడుగా ఉంటా.”

చంద్ర నిజంగానే రెండు చేతులూ జోడించాడు. తల అడ్డంగా ఊపుతున్నాడు. మహాదేవి ఆ జోడించిన చేతుల వైపు చూసింది. గోళ్ల సందుల్లో ఎన్ని సబ్బులతో కడిగినా పోని తెల్లటి రాతిపొడి ఉంది. అన్నదమ్ములిద్దరూ తన మేలు కోరే తన దగ్గర దాచారు. ఆ మేలు ఇంకొంచెంలో మొగుణ్ణి కడపలో బల్ల మీద పడుకోబెట్టేది.

“సుందరీ, గురువారం దాకా ఆగొద్దు. ఇప్పుడే బస్సెక్కి రా.”

“అయ్యో, ఏమైందక్కా? బావకేమైనా అయ్యిందా?”

చంద్ర ఫోను కోసం చెయ్యి చాపాడు. మహాదేవి ఆ చెయ్యి తోసేసి గోడ వైపు తిరిగింది.

“బావకు కాదు,” అంది.